డీబీఎంఎస్ మొదటి నెల: ‘ఒక వరుస అంటే ఏమిటి?’

బీటెక్ రెండో ఏడాదిలో డీబీఎంఎస్ (డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్స్) మొదలయ్యే రోజు బోర్డు మీద పడే మొదటి మాట సాధారణంగా ‘డేటాకీ ఇన్ఫర్మేషన్‌కీ తేడా’. ఆ తేడా వైవాలో ఒక మార్కుకు పనికొస్తుంది, అంతే. మేం మొదటి గంట ఒక ఎక్సెల్ షీటుతో మొదలుపెడతాం. ఒక సెక్షన్‌లో 60 మంది, ఆరు సబ్జెక్టులు, అంటే 360 వరుసలు. కాలమ్‌లు ఎనిమిది: హాల్ టికెట్ నంబరు, పేరు, బ్రాంచి, ఫోన్, సబ్జెక్టు కోడు, సబ్జెక్టు పేరు, లెక్చరర్ పేరు, మార్కులు. పేర్లూ నంబర్లూ అన్నీ కల్పించినవే. నిజమైన మార్కుల షీటు తెస్తే పాఠం పక్కకు పోయి, ఎవరికెన్ని వచ్చాయన్న గోల మొదలవుతుంది.

అందులో కావాలనే కొన్ని తప్పులు పెడతాం. బ్రాంచి కాలమ్‌లో సీఎస్ఈ అని కొన్నిచోట్ల, అక్షరాల మధ్య చుక్కలతో కొన్నిచోట్ల, చివర ఒక స్పేసుతో కొన్నిచోట్ల. ఒక గడిలో రెండు ఫోన్ నంబర్లు, మధ్యలో అడ్డగీత. పరీక్షకు రానివాళ్లకు ఒకచోట ‘ఏబీ’, ఒకచోట సున్నా, ఒకచోట ఏమీ లేదు. వీటన్నిట్లో ఆ చివరి స్పేసు నాకు చాలా ఇష్టమైనది. కంటికి కనబడదు, కానీ లెక్క మాత్రం తప్పుతుంది.

తర్వాత పనులు చెప్పడం మొదలుపెడతాం. ఒక సబ్జెక్టుకు లెక్చరర్ మారారు, మార్చండి. 60 గడులు మార్చాలి. ఒక్కటి మరిచిపోతే ఆ సబ్జెక్టుకు ఇద్దరు లెక్చరర్లు ఉన్నట్టు షీటు చెబుతుంది. కొత్త ఎలక్టివ్ వచ్చింది, ఇంకా ఎవరూ తీసుకోలేదు, దాన్ని ఎక్కడ రాస్తారు? విద్యార్థి లేని వరుస ఒకటి పుట్టించాలి. ఒక ఎలక్టివ్‌లో ఒక్క విద్యార్థే ఉన్నాడనుకోండి, అతనూ మానేశాడు, అతని వరుసలు తీసేయండి. విద్యార్థితో పాటు ఆ సబ్జెక్టు పేరు కూడా షీటులోంచి మాయమవుతుంది. ఇక మార్కుల కాలమ్ ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టమంటాం. పక్క కాలమ్‌లనూ కలపమంటారా అని ఎక్సెల్ అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కితే ఒకరి మార్కులు ఇంకొకరికి వెళ్లిపోతాయి, షీటు మాత్రం చూడ్డానికి చక్కగానే ఉంటుంది. సేవ్ చేసి మూసేశాక ఇక వెనక్కి రాదు.

సార్ట్ సంగతి పక్కన పెడితే, పుస్తకాల్లో ఇన్సర్షన్, అప్‌డేట్, డిలీషన్ అనామలీలని రాసేవి ఇవే. పేర్లు ఆ రోజు చెప్పం. అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ షీటులో ఒక వరుస అంటే ఏమిటి? మొదటి జవాబు ఎప్పుడూ ‘ఒక విద్యార్థి’ అనే వస్తుంది. మరి ఒకే విద్యార్థి ఆరుసార్లు ఎందుకున్నాడు? ‘ఒక సబ్జెక్టు’ అంటారు. అది 60 సార్లుంది. ‘ఒక విద్యార్థికి ఒక సబ్జెక్టులో వచ్చిన మార్కులు’ అన్న జవాబు దగ్గరకు చేరేసరికి గంట అవుతుంది. సెమిస్టర్ పొడవునా కీలు (వరుసను గుర్తుపట్టే కాలమ్‌లు), జాయిన్లు (పట్టికల్ని కలపడం), గ్రూప్ బై (వరుసల్ని గుంపులుగా లెక్కవేయడం), నార్మలైజేషన్ (పెద్ద పట్టికను చిన్న పట్టికలుగా విడగొట్టడం) ఏది తప్పినా తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే రావాలి కాబట్టి ఆ గంట దండగ కాదు.

చరిత్రకు ఐదు నిమిషాలు చాలు. అంతకుముందున్న పద్ధతుల్లో డేటా ఏ దారిన లింకై ఉందో ప్రోగ్రాముకు తెలిసి ఉండాలి, ఆ దారి మారితే ప్రోగ్రామూ మారాలి. 1970లో ఐబీఎం శాన్ హోసే ల్యాబ్‌లో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ తన పరిశోధనా పత్రంలో డేటాను రిలేషన్లుగా, అంటే పట్టికలుగా చూడమన్నాడు. ఏం కావాలో అడగడం మన వంతు, ఎలా వెతకాలన్నది సిస్టమ్ వంతు. 1974లో అదే సంస్థలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయ్స్ అలా అడగడానికి సీక్వెల్ అనే భాషను ప్రకటించారు. ట్రేడ్‌మార్క్ చిక్కు వల్ల ఆ పేరు ఎస్క్యూఎల్ అయింది. డేటాలో ఏమేం ఉన్నాయో, వాటి మధ్య సంబంధాలేమిటో బొమ్మగా గీసే పీటర్ చెన్ ఈఆర్ మోడల్ 1976 నాటిది. ఈ మూడూ గుర్తుంటే మొదటి యూనిట్‌లో చరిత్ర కింద వచ్చే ప్రశ్నలు దాదాపు తీరిపోతాయి.

ల్యాబ్ సిద్ధం చేయడం

ఒక్కొక్క సిస్టమ్‌లో ఒక్కొక్క సర్వర్ పెడితే మొదటి ల్యాబ్ మొత్తం పాస్‌వర్డులు వెతుక్కోవడంతోనే గడిచిపోతుంది. ల్యాబ్‌కంతా ఒకే పోస్ట్‌గ్రెస్ (ఉచితంగా దొరికే డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్, జంటకు ఒక లాగిన్, లాగిన్‌కు ఒక స్కీమా (పట్టికలు పెట్టుకునే సొంత అర) పెట్టుకుంటే మేలు. 60 మందికి 30 జంటలు. కనెక్షన్ల పరిమితి మామూలుగా 100 ఉంటుంది కాబట్టి జంట రెండు మూడు విండోలు తెరిచినా సరిపోతుంది. రెండు చోట్ల తప్పకుండా పని ఆగుతుంది. ఇన్‌స్టాల్ చేసిన వెంటనే సర్వర్ తన మెషీన్ నుంచి వచ్చే పిలుపునే వింటుంది, బయటివాటికి పలకదు. క్లయింటు దగ్గర ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వస్తే లిజన్ అడ్రెసెస్ అన్న సెట్టింగ్ మార్చి సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి, లేదా ఫైర్‌వాల్‌లో 5432 పోర్టు తెరవాలి. ‘పీజీ హెచ్‌బీఏ ఎంట్రీ లేదు’ అని వస్తే పిలుపు చేరింది, అనుమతే లేదు. దానికి హెచ్‌బీఏ ఫైల్లో ల్యాబ్ ఐపీల వరుస ఒకటి చేర్చి రీలోడ్ చేస్తే చాలు. ఈ రెండు ఎర్రర్లనూ ఒకటిగా చూస్తేనే గంటలు పోతాయి.

2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి పబ్లిక్ స్కీమాలో ఎవరు పడితే వాళ్లు పట్టికలు చేసే వీలు పోయింది. పాత ల్యాబ్ మాన్యువల్ పట్టుకుని కొత్త వెర్షన్ మీద కూర్చుంటే మొదటి క్రియేట్ టేబుల్‌కే ‘పర్మిషన్ డినైడ్’ పడుతుంది. జంటకు ఒక స్కీమా ముందే చేసి ఉంచితే ఈ బాధ లేదు.

సర్వర్ అక్కర్లేని ఎస్క్యూలైట్ డేటాబేసు ఎందుకు కాదు, ఒక్క ఫైలే కదా అని అడుగుతారు. ఇంట్లో సాధన చేసుకోవడానికి అది బంగారం. మొదటి ల్యాబ్‌కు మాత్రం వద్దు. మామూలు పట్టికలో ఇంటీజర్ కాలమ్‌లో ‘ఏబీ’ అని రాసినా కిమ్మనకుండా దాచుకుంటుంది. ఫారిన్ కీ తనిఖీ (ఈ పట్టికలో రాసిన విలువ ఆ పట్టికలో ఉందా అని చూడడం) కూడా ప్రతి కనెక్షన్‌లో మనం ఆన్ చేస్తేనే జరుగుతుంది. తప్పు చేసినప్పుడు గట్టిగా అరిచే సిస్టమే నేర్చుకునేవాడికి మంచి గురువు.

పోస్ట్‌గ్రెస్‌కు ఆదేశాలు టైపు చేసే పీఎస్క్యూఎల్ విండోలో మొదటి రోజు చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. సెమీకోలన్ మరిచిపోతే ఏమీ జరగదు. ప్రాంప్టులో సమానం గుర్తు ఉండాల్సినచోట చిన్న గీత కనబడుతుంది, అంటే వాక్యం ఇంకా అయిపోలేదని అర్థం. అక్కడ కోట్ గుర్తు కనబడితే ఎక్కడో కోట్ మూయలేదు. రెండు సందర్భాల్లోనూ కంట్రోల్ సీ కొట్టి మళ్లీ మొదలుపెట్టడం సుఖం. వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో వచ్చిన క్వెరీని (ఎస్క్యూఎల్‌లో రాసిన ప్రశ్నను) కాపీ చేసి అంటిస్తే వంపు తిరిగిన కోట్‌లు వస్తాయి. పోస్ట్‌గ్రెస్ వాటిని కోట్‌లుగా చూడదు, పేరులో అక్షరాలనుకుంటుంది. అందుకే ‘అలాంటి కాలమ్ లేదు’ అని ఎర్రర్ ఇస్తుంది, విద్యార్థేమో కాలమ్ పేరు వంక చూస్తూ కూర్చుంటాడు. డబుల్ కోట్‌లు పెట్టినా అదే ఎర్రర్. మైఎస్క్యూఎల్‌లో డబుల్ కోట్‌ల మధ్య రాసినదీ విలువగానే చెల్లుతుంది కాబట్టి యూట్యూబ్ చూసి వచ్చినవాళ్లకు ఇది కొత్త.

కాలమ్‌లకు టైపులు

ఫోన్ నంబరుకు అందరూ ఇంటీజర్ పెడతారు. పెట్టనివ్వాలి. ఇంటీజర్‌లో పట్టే గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతోనే మొదలవుతాయి కాబట్టి పది అంకెల నంబరు ఏదైనా దీనికి మించుతుంది, మొదటి ఇన్సర్ట్‌కే ‘అవుట్ ఆఫ్ రేంజ్’. వెంటనే బిగ్ఇంట్ చేస్తారు. అప్పుడు హైదరాబాద్ ల్యాండ్‌లైన్ 040 కోడుతో రాయమంటే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. దీన్ని కూడతామా, హెచ్చవేస్తామా? లేదనే అంటారు. అంటే అది సంఖ్య కాదు, అంకెలతో రాసిన పేరు. ఆధార్, పిన్‌కోడ్, హాల్ టికెట్ అన్నీ అంతే, టెక్స్టే. ఫీజు మాత్రం సంఖ్యే, దానికి ఫ్లోట్ కాకుండా న్యూమరిక్ పెట్టాలి. ఫ్లోట్‌లో 0.1, 0.2 కూడి 0.3తో పోల్చమంటే కాదని చెబుతుంది. ఆ ఒక్క సెలెక్ట్ వేసి చూపిస్తే చాలు.

పేరు దగ్గర కాస్త ఆగాలి. విదేశీ ఉదాహరణల్లో ఉన్నట్టు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు కాలమ్‌లు పెట్టేస్తారు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. ఒకచోట పూర్తిగా, ఒకచోట ఇనీషియల్‌గా, ఇంకోచోట ఆ ఇనీషియల్ చివరికి పోయి ఉంటుంది. లాస్ట్ నేమ్ కాలమ్‌లో కొందరికి ‘కె’, కొందరికి ‘రావు’, కొందరికి ‘కుమారి’ చేరతాయి. పదో తరగతి మెమోలో ఉన్నట్టు ఒకే కాలమ్‌లో పూర్తి పేరు పెట్టడం మన డేటాకు సరైన పద్ధతి.

తెలుగులో పేరు రాస్తే ఇంకో పాఠం. ‘శ్రీనివాసరావు’ అన్న పేరు కంటికి ఆరు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఒత్తులూ గుణింతాలూ విడివిడి కాబట్టి 13. కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు కాబట్టి 39 బైట్లు. పోస్ట్‌గ్రెస్‌లో వార్‌క్యార్ 20 అంటే 20 గుర్తులు, అందులో ఈ పేరు హాయిగా పడుతుంది. ఒరాకిల్‌లో వార్‌క్యార్2 20 అంటే, ప్రత్యేకంగా చెప్పకపోతే, 20 బైట్లు. అక్కడ పేరు పట్టదని ఎర్రర్ వస్తుంది. క్యార్ లెంగ్త్, ఆక్టెట్ లెంగ్త్ అనే రెండు ఫంక్షన్లు పక్కపక్కన వేసి ప్రతివాళ్లనూ తమ పేరుతో చూసుకోమనండి.

కీ ఎక్కడ తప్పుతుంది

జేఎన్టీయూ పద్ధతిలో హాల్ టికెట్ నంబరు పది అక్షరాలు. మొదటి రెండూ చేరిన సంవత్సరం, తర్వాతి రెండూ కాలేజీ కోడు, ఆ తర్వాత రెగ్యులర్ వాళ్లకు ‘1ఏ’, డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదికి వచ్చిన లేటరల్ వాళ్లకు ‘5ఏ’, తర్వాత రెండంకెల బ్రాంచి కోడు (సీఎస్ఈకి 05, ఈసీఈకి 04), చివరి రెండూ క్రమసంఖ్య. 99 దాటితే ‘ఏ0’తో కొనసాగుతుంది. ఇది కీగా బాగుంటుంది, ఇద్దరికి ఒకే నంబరు ఉండదు.

చిక్కు ఎక్కడంటే, ఇన్ని వివరాలు అందులోనే ఉన్నాయని చూసి ‘బ్యాచి కాలమ్ ఎందుకు, మొదటి రెండంకెలు తీసుకుంటే పోలా’ అంటారు. 2023లో చేరిన బ్యాచి మొత్తాన్ని తీయమంటే, 23తో మొదలయ్యే నంబర్లన్నీ అని క్వెరీ రాస్తారు. లేటరల్ వాళ్లు ఒక ఏడాది ఆలస్యంగా వచ్చి ఇదే క్లాసులో కూర్చుంటారు, వాళ్ల నంబరు 24తో మొదలవుతుంది. డీటైన్ అయి మళ్లీ చేరినవాళ్ల నంబరు 22తో ఉంటుంది. క్వెరీకి ఎర్రర్ రాదు, జాబితా మాత్రం తప్పు. క్లాసులో లేటరల్ వాళ్లు ఎలాగూ ఉంటారు, తమ పేరు జాబితాలో లేదని వాళ్లే చేయెత్తుతారు. నంబరు గుర్తింపుకే, చేరిన బ్యాచి, చదువుతున్న బ్యాచి అన్నవి వేరే వాస్తవాలు, వాటికి సొంత కాలమ్‌లు ఉండాలి.

మార్కుల పట్టికకు కీ ఏది? మొదటి రోజు ప్రశ్నకు వచ్చిన జవాబు ప్రకారం హాల్ టికెట్ నంబరు, సబ్జెక్టు కోడు కలిపి ప్రైమరీ కీ. బాగానే నడుస్తుంది, సప్లీ ఫలితాలు ఎక్కించే దాకా. అదే విద్యార్థి, అదే సబ్జెక్టు, రెండోసారి: ‘డూప్లికేట్ కీ’. ఇక్కడ విద్యార్థులు రెండు దారులు పడతారు. పాత మార్కుల మీద కొత్తవి అప్‌డేట్ చేస్తారు, అప్పుడు మొదటిసారి తప్పాడన్న సంగతి పోతుంది. లేదా కీనే తీసేస్తారు, అప్పుడు ఒకే ఫలితం పొరపాటున రెండుసార్లు ఎక్కినా అడిగేవాడుండడు. సరైన దారి ఆ ప్రశ్నకు జవాబు మార్చుకోవడం. ఒక వరుస అంటే ‘ఒక విద్యార్థి ఒక సబ్జెక్టు పరీక్షను ఒకసారి రాయడం’. కీలోకి పరీక్ష జరిగిన నెల, సంవత్సరం వస్తాయి. దానితో పాటు కొత్త బాధ్యతా వస్తుంది. ఎవరెవరు పాసయ్యారన్న క్వెరీ ఇకపై ఏ ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోవాలో చెప్పాలి. లేకపోతే ఒకే మనిషి పాసైనవాళ్లలోనూ, తప్పినవాళ్లలోనూ కనబడతాడు.

ఫారిన్ కీ త్వరగానే అర్థమవుతుంది. పట్టికలు చేసే వరుస మాత్రం తప్పుతారు: విద్యార్థి, సబ్జెక్టు పట్టికలు ముందు, మార్కులు తర్వాత. తీసేసేటప్పుడు దీనికి తిరగేసి. ఈఆర్ బొమ్మ కూడా ఇక్కడే, రెండు క్లాసులు. అందులో తరచూ వచ్చే పొరపాట్లు మూడు. మొత్తం డేటాబేసులో ఒక్క వరుసే ఉండే ‘కాలేజీ’ని ఎంటిటీ (సొంత పట్టిక అయ్యే వస్తువు) చేయడం. ‘రిపోర్ట్’, ‘లాగిన్ పేజీ’ లాంటివాటిని ఎంటిటీలు చేయడం. లైబ్రరీ ఉదాహరణలో పుస్తకం పేరునూ, రాక్‌లో ఉన్న ప్రతినీ ఒకటే అనుకోవడం. ఒకే పుస్తకం మూడు ప్రతులుంటే విద్యార్థి తీసుకెళ్లింది ఏది? ‘పుస్తకం’ పట్టికలో ఒక వరుస అంటే ఏమిటో అడిగితే బొమ్మ తనంతట తానే రెండు పెట్టెలవుతుంది.

నల్

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది ఇదే, తిననివ్వాలి. 60 మందిలో నలుగురు పరీక్షకు రాలేదు, వాళ్ల మార్కుల చోట నల్, అంటే విలువ లేదని చెప్పే గుర్తు. పాస్ మార్కు 40 అనుకుందాం. 40, అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్లను లెక్కపెట్టండి: 47. నలభై కంటే తక్కువ: 9. కూడితే 56. మిగతా నలుగురు ఏమయ్యారు? నల్‌ను దేనితో పోల్చినా జవాబు అవునూ కాదు, కాదూ కాదు, ‘తెలియదు’. క్వెరీలో వరుసల్ని వడగట్టే వేర్ అన్నది అవునన్న వరుసల్నే పంపిస్తుంది. నల్‌కు సమానమా అని సమానం గుర్తుతో అడిగినా ఇదే గతి, అందుకే ఈజ్ నల్ అని వేరే మాట పుట్టింది.

సగటు ఇంకా బాగుంటుంది. 56 మంది మార్కుల మొత్తం 3360. ఏవీజీ ఫంక్షన్ నల్‌లను వదిలేస్తుంది కాబట్టి 60 అని చెబుతుంది. మొత్తాన్ని వరుసలన్నిటినీ లెక్కపెట్టే కౌంట్ స్టార్‌తో భాగిస్తే 3360ని 60తో భాగించినట్టు, 56 వస్తుంది. రెండూ సరైనవే. పరీక్ష రాసినవాళ్ల సగటు ఒకటి, సెక్షన్ సగటు ఒకటి. ఏది కావాలో అడిగినవాళ్లు చెప్పాలి, సర్వర్‌కు తెలియదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టేయమన్నట్టు, అడిగిందానికి జవాబిచ్చేస్తుంది. రానివాళ్లకు సున్నా వేసి ‘సమస్య తీరింది’ అనేవాళ్లూ ఉంటారు. రాసి సున్నా తెచ్చుకున్నవాడికీ రానివాడికీ తేడా అక్కడితో చెరిగిపోతుంది.

అన్నిటికంటే మోసకారి నాట్ ఇన్, అంటే ‘ఈ జాబితాలో లేనివి’ అని అడగడం. ఏ విద్యార్థీ క్లాస్ రిప్రజెంటేటివ్‌గా లేని సెక్షన్ల లాంటి ప్రశ్నకు లోపలి క్వెరీలో ఒక్క నల్ వచ్చినా మొత్తం ఫలితం ఖాళీ. ఎర్రర్ ఉండదు, ‘సున్నా వరుసలు’ అని వస్తుంది, అలాంటి సెక్షన్లే లేవనుకుని రికార్డులో రాసేస్తారు. నాట్ ఎగ్జిస్ట్స్ వాడమని చెప్పి ఊరుకోకుండా, రెండూ పక్కపక్కన నడిపి చూపించాలి. ఒక హెచ్చరిక కూడా: మార్కులు 0 నుంచి 100 మధ్య ఉండాలని చెక్ పెట్టినా నల్ దాన్ని దాటి లోపలికి వచ్చేస్తుంది. రాకూడదంటే నాట్ నల్ విడిగా రాయాలి.

జాయిన్

జాయిన్ షరతు మరిచిపోవడం అందరూ ఒకసారి చేస్తారు, మేమే ముందు చేయిస్తాం. విద్యార్థులు 60, మార్కులు 360, షరతు లేకుండా కలిపితే 21,600 వరుసలు. సబ్జెక్టుల పట్టిక ఆరు వరుసలు కూడా కలిపితే 1,29,600. ఈ లెక్క కాగితం మీద వేసి, తర్వాత కౌంట్ నడిపి సరిచూసుకుంటే క్రాస్ ప్రొడక్ట్ అన్న మాటకు మళ్లీ నిర్వచనం అక్కర్లేదు.

ఇది కంటికి కనబడే తప్పు. కనబడనిది ఇంకొకటి ఉంది. ఫోన్ నంబర్లు ఇప్పుడు వేరే పట్టికలో ఉన్నాయి, ఒకరికి రెండు ఉండొచ్చు. విద్యార్థి, మార్కులు, ఫోన్లు మూడూ కలిపి ఒక్కొక్కరి మొత్తం మార్కులు తీయమంటాం. షరతులన్నీ సరిగ్గానే ఉంటాయి. అయినా ఒక ఫోన్ ఉన్నవాడికి 420 వస్తే, అవే మార్కులతో రెండు ఫోన్లున్నవాడికి 840 వస్తుంది. ఆరు మార్కులు, రెండు ఫోన్లు కలిసి 12 వరుసలయ్యాయి. సమ్‌లో డిస్టింక్ట్ పెట్టేద్దామంటారు. అప్పుడు రెండు సబ్జెక్టుల్లో 70, 70 వచ్చినవాడికి ఒక 70 పోతుంది. జాయిన్ అయ్యాక పుట్టిన కొత్త పట్టికలో ఒక వరుస అంటే ఏమిటో అడగండి: ‘ఒక విద్యార్థి, ఒక మార్కు, ఒక ఫోన్’. అలాంటి వరుసల మీద మార్కులు కూడితే అర్థమే లేదు. ముందు మార్కుల్ని విద్యార్థివారీగా కూడి, తర్వాత ఫోన్లను కలపాలి.

ఎడమ పట్టికలో జత దొరకని వరుసల్నీ ఉంచే లెఫ్ట్ జాయిన్‌లో ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాం. డీబీఎంఎస్ పరీక్ష రాయనివాళ్లతో సహా అందరి జాబితా కావాలంటే, సబ్జెక్టు కోడు షరతును వేర్‌లో కాదు, ఆన్‌లో పెట్టాలి. వేర్‌లో పెడితే నల్ వచ్చిన వరుసలు రాలిపోయి అది మామూలు జాయిన్ అయిపోతుంది. రిలేషనల్ ఆల్జీబ్రా గుర్తులు (పట్టికల మీద చేసే పనులకు గణిత గుర్తులు) ఈ పక్కనే చెబితే సరిపోతుంది, వేరే యూనిట్‌గా గంటలు పోయక్కర్లేదు. ఆల్జీబ్రాలో డూప్లికేట్లు ఉండవు, ఎస్క్యూఎల్‌లో ఉంటాయి అన్న తేడా మాత్రం పరీక్షలో అడుగుతారు.

సాధనకు పెద్ద డేటా వద్దు. ఒక పన్నెండు వరుసల డేటా చేత్తో తయారుచేసుకోవాలి. అందులో ఒకే పేరున్న ఇద్దరు, ఒక్క పరీక్షా రాయని ఒకరు, సప్లీలో పాసైన ఒకరు, రెండు ఫోన్లున్న ఒకరు, లేటరల్ ఒకరు, నల్ మార్కులున్న ఒకరు తప్పకుండా ఉండాలి. క్వెరీ నడిపే ముందు జవాబు పెన్నుతో రాసిపెట్టుకోవాలి. ఇప్పుడు క్వెరీ రాసిపెట్టే ఏఐ ఉపకరణాలు అందరి ఫోన్‌లోనూ ఉన్నాయి, వాటిని ఆపలేం. కానీ అవి ఇచ్చే క్వెరీలు పైన చెప్పిన ఫోన్ల జాయిన్‌లాంటి చోట తడబడ్డా చూడ్డానికి నిక్షేపంగా ఉంటాయి. పెన్నుతో రాసుకున్న జవాబు ఒక్కటే దాన్ని పట్టుకుంటుంది. వైవాలో క్వెరీ రాయమని అడగడం మానేసి, క్వెరీ ఇచ్చి ఈ పన్నెండు వరుసల మీద ఏమొస్తుందో చెప్పమంటాం.

రెండు విండోలు

నాలుగో వారంలో రెండు ప్రదర్శనలు. రెండూ సిలబస్‌లో చివరి యూనిట్లవే, ముందే రుచి చూపిస్తాం.

మొదటిది ఇండెక్స్, అంటే పుస్తకం చివరి సూచికలా వెతుకులాటను త్వరపరిచేది. జెనరేట్ సిరీస్‌తో పది లక్షల వరుసల పట్టిక నింపి, అనలైజ్ నడిపి, ఒక ఫోన్ నంబరు వెతకమని, సర్వర్ ఎలా వెతికిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ వేస్తే పట్టిక మొత్తం చదివినట్టు కనబడుతుంది. ఇండెక్స్ పెట్టి మళ్లీ వేస్తే ప్లాన్ మారిపోతుంది. ప్రైమరీ కీ కాలమ్ మీద ఈ ప్రదర్శన చేయకూడదు, దానికి ఇండెక్స్ ముందే ఉంటుంది. 60 వరుసల పట్టిక మీద చేసినా లాభం లేదు. అన్ని వరుసలూ దాదాపు ఒకే 8 కేబీ పేజీలో ఉంటే ఇండెక్స్ తెరవడమే దండగ అని ప్లానర్ (వెతికే దారి ఎంచుకునే భాగం) దాన్ని వదిలేస్తుంది, విద్యార్థులేమో ఇండెక్స్ పనిచేయలేదనుకుంటారు. నంబరు చివరి నాలుగంకెలతో వెతికితే కూడా ఈ ఇండెక్స్ సాయం రాదు. నిఘంటువులో ‘రావు’తో అంతమయ్యే మాటలు వెతకడం లాంటిదది.

రెండోది బస్సు సీటు. జంటలో ఇద్దరూ చెరో విండో తెరిచి బిగిన్ కొడతారు, ఇక కమిట్ కొట్టేదాకా చేసిన మార్పులు ఖాయం కావు. 12వ సీటు ఖాళీనా అని ఇద్దరూ అడుగుతారు, ఇద్దరికీ ఖాళీ అనే వస్తుంది. మొదటివాడు తన పేరు రాసి కమిట్ చేస్తాడు. రెండోవాడు తన పేరు రాసి కమిట్ చేస్తాడు. రెండూ విజయవంతమే, సీటు రెండోవాడిది, మొదటివాడు టికెట్ పట్టుకుని బస్టాండులో నిలబడతాడు. దీనికి మందులు మూడు: అప్‌డేట్‌లోనే ‘ఖాళీగా ఉంటేనే’ అన్న షరతు పెట్టి, మారిన వరుసలు సున్నానా ఒకటా చూసుకోవడం. చదివేటప్పుడే ఫర్ అప్‌డేట్‌తో వరుసకు తాళం వేయడం. బుకింగ్‌లను వేరే పట్టిక చేసి సర్వీసు, తేదీ, సీటు మూడూ కలిపి యూనిక్ పెట్టడం. నా ఓటు మూడోదానికి. ప్రోగ్రామ్ రాసేవాడు మొదటి రెండూ మరిచిపోయినా ఇది పట్టుకుంటుంది.

ఈ ప్రయోగంలో మొదటివాడు కమిట్ చేయకుండా ఆగితే, రెండోవాడి అప్‌డేట్ కదలకుండా కూర్చుంటుంది. హ్యాంగ్ అయిందని విండో మూసేస్తారు. మూయకండి, మొదటి విండోలో కమిట్ కొట్టి చూడండి. ఇంకొకటి, ల్యాబ్ అయిపోయాక బిగిన్ కొట్టిన విండోను తెరిచే ఉంచి వెళ్లిపోతారు. తర్వాతి బ్యాచి అదే లాగిన్‌తో వచ్చి ఆ పట్టికకు ఆల్టర్ (పట్టిక రూపు మార్చే ఆదేశం) వేస్తే ఆగిపోతుంది. ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీలో ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని కనబడేది ఆ విండోనే.

బిగిన్ అలవాటు ఇక్కడ పడితే ఇంకో మేలు. వేర్ మరిచిపోయి అప్‌డేట్ కొట్టినప్పుడు ‘అప్‌డేట్ 1’ బదులు ‘అప్‌డేట్ 60’ అని వస్తుంది, రోల్‌బ్యాక్ కొట్టి, మార్పులు వెనక్కి తీసుకుని బయటపడొచ్చు. బిగిన్ లేకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఒరాకిల్ ల్యాబుల్లో కథ తిరగబడుతుంది. ఎస్క్యూఎల్ ప్లస్‌లో కమిట్ కొట్టేదాకా ఇన్సర్ట్ చేసిన వరుసలు పక్క సిస్టమ్‌కు కనబడవు, మధ్యలో ఒక క్రియేట్ టేబుల్ వేస్తే మాత్రం అడగకుండానే అన్నీ కమిట్ అయిపోతాయి.

ఐదో వారం నుంచి సిలబస్ వరుసలో పోతాం. మొదటి రోజు షీటును మాత్రం చెరిపేయకుండా దాచి, నార్మలైజేషన్ వచ్చినప్పుడు మళ్లీ తెరుస్తాం. ఫంక్షనల్ డిపెండెన్సీలు (ఏది తెలిస్తే ఏది తెలుస్తుందో) రాయమంటే, ఆ 360 వరుసల్లో ప్రతి లెక్చరర్ ఒకే సబ్జెక్టు చెబుతున్నారు కాబట్టి ‘లెక్చరర్ తెలిస్తే సబ్జెక్టు తెలుస్తుంది’ అని సగం మంది రాస్తారు. డేటా దాన్ని కాదనడం లేదు. కానీ వచ్చే సెమిస్టర్‌లో ఒకే లెక్చరర్‌కు రెండు సబ్జెక్టులు ఇవ్వకూడదన్న నియమం ఏమైనా ఉందా? అది షీటులో దొరకదు. డిపార్ట్‌మెంటులో టైంటేబుల్ వేసేవాళ్లను అడిగి రమ్మని పంపిస్తాం.